పదమూడు రోజుల కార్తె, పద్నాలుగు రోజుల కార్తె

కావలి నుంచి టెన్త్ చదివే అమ్మాయి ఒకరు అడిగారు: "జనవరి మొదట్లో భూమి సూర్యుడికి బాగా దగ్గరగా వస్తుందట. మరి భోగిమంటలు అప్పుడు వేసుకోవడమేంటి, రోళ్లు పగిలే ఎండ రోహిణి కార్తెలో రావడమేంటి?"

ఈ తికమక సగం బొమ్మల వల్లే వస్తుంది. పుస్తకాల్లో భూకక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి వేస్తారు. కొలత ప్రకారం గీసి చూడండి. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే, దానికీ అసలు కక్ష్యకీ తేడా 0.014 మిల్లీమీటర్లే. పెన్సిల్ గీత అంతకంటే మందం. కాకపోతే సూర్యుణ్ణి నట్టనడుమ పెట్టకూడదు, 1.7 మిల్లీమీటర్లు పక్కకు జరపాలి. అందుకే దూరం జనవరిలో 14.71 కోట్ల కిలోమీటర్లు, జూలైలో 15.21 కోట్లు.

ఆ 1.7 మిల్లీమీటర్లు మన పంచాంగంలో కనిపిస్తాయి! సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. ఆకాశంలో సూర్యుడు ఏడాదికో చుట్టు తిరిగే 360 డిగ్రీలను 27 సమాన భాగాలు చేస్తే, ఒక్కో నక్షత్రానికి 13 డిగ్రీల 20 నిమిషాలు (ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు). భాగాలు సమానమే గానీ రోజులు కావు. జూన్ చివర మొదలయ్యే ఆరుద్ర దాదాపు 14 రోజులు, జనవరిలో వచ్చే ఉత్తరాషాఢ 13 రోజులే. దగ్గరగా ఉన్నప్పుడు భూమి సెకనుకు 30.3 కిలోమీటర్లు పోతుంది, దూరంగా ఉన్నప్పుడు 29.3. ఇది 3.4 శాతం తేడా. పైగా దగ్గరలో ఉంటే అదే నడకకు ఎక్కువ కోణం తిరిగినట్టవుతుంది, అది ఇంకో 3.4. రెండూ కలిసి సుమారు 7 శాతం. సూర్యుణ్ణీ గ్రహాన్నీ కలిపే గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు చుడుతుందని ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లో ప్రకటించిన నియమం ఇదే. మన పాత ఖగోళ గ్రంథాలు రాసిన సిద్ధాంతకర్తలు సూర్యుడే తిరుగుతున్నాడనుకుని లెక్క కట్టినా, మందఫలం అనే దిద్దుబాటుతో ఈ హెచ్చుతగ్గుల్ని పట్టుకున్నారు. కోణాల వరకూ రెండు నమూనాలూ దాదాపు ఒకటే చెబుతాయి. రైతు కార్తె చూసి నారు పోయడం మూఢనమ్మకం కాదు, అది సూర్యుడి నడకను బట్టి కాలాన్ని లెక్కించే సౌరమానం. నక్షత్రమే ఎండ కురిపిస్తుందనుకుంటేనే పొరపాటు.

ఇంతకంటే అందమైన సంగతి ఒకటుంది. ఎండ తీవ్రత దూరం వర్గానికి విలోమంగా మారుతుంది. భూమి కోణవేగమూ సరిగ్గా అదే లెక్కన మారుతుంది. జూలై కంటే జనవరిలో ఎండ 7 శాతం ఎక్కువ, కార్తె మాత్రం అంతే త్వరగా అయిపోతుంది. కాబట్టి 27 కార్తెల్లో ఏది తీసుకున్నా, భూమి మొత్తానికి అందే సూర్యశక్తి ఒక్కటే. ఉత్తరాషాఢలో ఎంతో రోహిణిలోనూ అంతే.

ఆ శక్తి ఏ ఊరికి ఎంతన్నది తేల్చేది 23.4 డిగ్రీల అక్షం వాలు. క్లాసులో గ్లోబును బల్బు చుట్టూ తిప్పేటప్పుడు అక్షాన్ని ఎప్పుడూ బల్బు వైపే వంచి చూపిస్తుంటారు. అలాగైతే ఉత్తరార్ధగోళంలో ఏడాదంతా ఎండాకాలమే. అక్షం ఎప్పుడూ ఒకే గోడ వైపు చూస్తుండాలి. అలా తిప్పితే డిసెంబరులో నెల్లూరు మీద మధ్యాహ్న సూర్యుడు 52 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. ఏప్రిల్ నెలాఖరుకు నడినెత్తికొస్తాడు, నిటారుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఒంగోలుకు ఇంకో మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ తర్వాత ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం నీడ దక్షిణానికి పడుతుంది. రోహిణి కార్తె ఈ నడుమే వస్తుంది. అప్పటికి పగలు 13 గంటలకు దగ్గరవుతుంది, నేల రెండు నెలలుగా కాగి ఉంటుంది, నైరుతి మేఘాలు ఇంకా రావు.