గడ్డిని తినే కత్తెర పురుగు: అపోహలు - వాస్తవాలు

దొడ్డబళ్లాపుర, హోస్కోటె వైపు పాడి రైతుల గ్రాసం మడులు, బెంగళూరులో అపార్ట్‌మెంట్ల లాన్లు చూడటం నా పని. ఇక్కడి మన తెలుగువాళ్ల నుంచి తరచూ వినే మాటలివి.

అపోహ: ఒక్క రాత్రిలో వచ్చి మొత్తం తినేసింది.

కానే కాదు. తల్లి పురుగు తన జీవితకాలంలో వెయ్యికి పైగా గుడ్లను ఆకుల మీద గుంపులుగా పెట్టి, పైన ఒంటి మీది నూగు కప్పి పోతుంది. రెండు మూడు రోజుల్లో పిల్ల పురుగులు వచ్చి ఆకు పచ్చదనాన్ని గీకి తింటాయి, అక్కడ తెల్లటి పల్చని పొర మాత్రం మిగులుతుంది. ఈ మచ్చలనే ఎవరూ పట్టించుకోరు, నా బాధంతా ఇదే! పురుగు తన మొత్తం మేతలో చాలా భాగం ఆఖరి కొద్ది రోజుల్లోనే తింటుంది కాబట్టి మనకు రాత్రికి రాత్రే జరిగినట్టుంటుంది. తల మీద తలకిందులైన వై గుర్తు, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలుంటే అది కత్తెర పురుగే.

అపోహ: మొక్కజొన్నకే వస్తుంది.

2018లో కర్ణాటకలో మొదట మొక్కజొన్న మీద కనబడింది కాబట్టి అలా అనుకుంటారు. దాని సొంత ఊరు అమెరికా ఖండాల్లో పచ్చిక బయళ్లను, ముఖ్యంగా మన గరికను, ఎప్పటినుంచో తింటోంది. మేత జొన్న కూడా చూసుకోండి.

అపోహ: లాన్ ఎండింది, నీళ్లు చాలలేదు.

ముందు నాలుగు లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పచ్చగడ్డి, ఎండిన గడ్డి కలిసే అంచున చదరపు గజం మేర పోయండి. పురుగులుంటే కొద్ది నిమిషాల్లో పైకి పాకుతాయి. వరి నారుమళ్ల మీద గుంపుగా పడే దీని దగ్గరి చుట్టం కూడా బయటపడొచ్చు.

అపోహ: గట్టి మందు కొడితే చాలు.

ముదిరిన పురుగు మొవ్వులో దూరి పైన తన పెంటే అడ్డం పెట్టుకుంటుంది, మిట్టమధ్యాహ్నం పైపైన కొడితే మందు దండగ. సాయంత్రం, పురుగు చిన్నగా ఉన్నప్పుడే కొట్టాలి. పశువులకు వేసే గ్రాసమైతే లేబుల్ మీద రాసినన్ని రోజులు ఆగకుండా మేపొద్దు, పాలు తాగేది పిల్లలు. కోతకొచ్చిన గడ్డిని మందు కొట్టకుండా వెంటనే కోసేయడమే నా సలహా.

తిన్న గరికను పీకేయకండి, వేరు బాగుంటే నీళ్లకు మళ్లీ చిగురిస్తుంది. పురుగు రెక్కల పురుగుగా మారే కోశస్థ దశ మట్టిలోనే గడుస్తుంది, నెల, నెలన్నరలో రెండో తరం రావచ్చు. అప్పుడు ఆకుల అడుగున గుడ్ల కోసం వెతకండి.