హ్యారీ పాటర్ చిల్లంగి (చేతబడి) నేర్పుతుందా? ఈ పుకారు వెనకున్న పాత కథ

పోయిన నెల మా అక్క పాలకొండ నుంచి ఫోన్ చేసి, "ఒరే తమ్ముడూ, నువ్వు పాపకిచ్చిన ఆ హ్యారీ పాటర్ పుస్తకాలు పిల్లలకి చిల్లంగి నేర్పుతాయట, తల్లిదండ్రుల గ్రూపులో ఎవరో పెట్టారు, నిజమేనేటి?" అని అడిగింది. అడిగే లోపే పుస్తకాలు అటకెక్కించేసింది. పాప ఏడుస్తోందట.

నాకు అక్క మీద కోపం రాలేదు. చిల్లంగి అన్న మాట మన ఉమ్మడి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఊరికే అనుకునే మాట కాదు కదా, ఏజెన్సీ ఊళ్ళల్లో ఫలానా ముసలావిడ చిల్లంగి పెట్టిందని అనుమానం వస్తే చాలు, కొట్టడాలు, ఊరి నుంచి వెలేయడాలు, చంపేయడాలు కూడా జరిగాయి, ఇప్పటికీ అలాంటి వార్త చదవాల్సి వస్తోంది. అలాంటి చోట ఒక పిల్లల పుస్తకానికి ఆ మాట అంటించారంటే నాకు భయమేసింది. అందుకే ఆ మెసేజ్ తెప్పించుకుని చూశాను, అందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి, ఈ పుస్తకాలు చదివి లక్షలమంది పిల్లలు సైతాను పూజల్లో చేరారని. రెండోది, ఇందులో రహస్య రాజకీయం ఉంది, ఇల్యూమినాటి అనే రహస్య సంఘం వాళ్ళే రాయించారని.

మొదటి ముక్క పుట్టిన చోటు తెలుసు. 2000 జులైలో అమెరికాలో ది ఆనియన్ అనే పత్రిక, నవ్వించడానికి ఉత్తుత్తి వార్తలు రాసే పత్రిక, హ్యారీ పాటర్ వల్ల పిల్లల్లో సైతాను పూజలు పెరిగిపోయాయని ఒక వార్త కల్పించి వేసింది. పిల్లల పేర్లు, వాళ్ళ మాటలు, ఆఖరికి రచయిత్రి రౌలింగ్ అన్నట్టు ఒక మాట, అన్నీ కల్పించినవే. ఎవరో దాంట్లోంచి పత్రిక పేరు తీసేసి ఈమెయిల్‌లో పంపారు, అది చేతులు మారి మారి నిజం వార్తైపోయింది. తర్వాత సంవత్సరం చివర్లో, 2001 డిసెంబర్ 30న, న్యూ మెక్సికోలోని అలమగోర్డోలో ఒక చర్చి వాళ్ళు ఈ పుస్తకాల్ని బహిరంగంగా తగలబెట్టారు కూడా. వాళ్ళు ఆ ఈమెయిల్ చూసే చేశారని నేననను, కానీ ఆ రోజుల్లో గాలి అలా ఉండేది.

రెండో ముక్క దగ్గర ఆగాలి, ఎందుకంటే అందులో సగం నిజం. పుస్తకంలో రాజకీయం ఉంది, దాన్ని రౌలింగ్ దాచలేదు కూడా. స్వచ్ఛమైన రక్తం, మిశ్రమ రక్తం అని మనుషుల్ని విడదీసే విలన్లకీ నాజీల ఆలోచనకీ పోలిక ఉందని ఆవిడే చెప్పింది. కథలో రాజకీయం ఉండటం వేరు, కథ వెనక కుట్ర ఉండటం వేరు, ఈ రెండూ కలిసిపోయిన చోటే అసలు గొడవంతా.

పిల్లల కథలో రాజకీయం చెప్పడం మనకి కొత్త కాదు. పంచతంత్రం మొదలే చదువబ్బని ముగ్గురు రాజకుమారులకి విష్ణుశర్మ జంతువుల కథలతో రాజనీతి నేర్పడం, సింహం అంటే రాజని, నక్క అంటే మంత్రని దాపరికం లేకుండా చెప్తాడు. 1726లో స్విఫ్ట్ గలివర్ యాత్రలు రాస్తే అందులో ఎత్తు మడమల పార్టీ, పొట్టి మడమల పార్టీ అప్పటి ఇంగ్లండ్ పార్టీలేనని చదివినవాళ్ళు గుర్తుపట్టేశారు. అదే గలివర్‌ని పట్టుకుని మన వీరేశలింగం గారు సత్యరాజా పూర్వదేశ యాత్రలు రాశారు, అందులో ఆడుమళయాళం అనే దేశంలో ఆడవాళ్ళు ఏలుతుంటే మగవాళ్ళు మన ఆడవాళ్ళు పడే కష్టాలన్నీ పడతారు. అది చదివి ఎక్కడో అలాంటి దేశం ఉందని ఎవరూ వెతుక్కుంటూ వెళ్ళలేదు, దెబ్బ ఎవరికి తగిలిందో తెలుసుకున్నారు. మన దేశంలోనే బీహార్‌లో మోతీహారిలో పుట్టిన ఆర్వెల్ 1945లో యానిమల్ ఫామ్ వేసినప్పుడు దానికి అద్భుత కథ అని ఉపశీర్షిక పెట్టాడు, ఆ పందులు రష్యా పాలకులేనని మాత్రం అందరికీ అర్థమైంది.

ఇక రచయిత అనుకోని అర్థం చదివేవాళ్ళు పెట్టే సంగతి. 1900లో ఫ్రాంక్ బామ్ రాసిన ఓజ్ మాంత్రికుడు కథ ముందుమాటలో ఇది ఇప్పటి పిల్లల సంతోషం కోసమే రాశానని ఉంటుంది. 1964లో హెన్రీ లిటిల్‌ఫీల్డ్ అనే హైస్కూల్ టీచర్ ఒక వ్యాసం రాశాడు, పసుపు ఇటుకల దారి అంటే బంగారం, డొరొతీ వెండి చెప్పులంటే వెండి నాణేల కోసం జరిగిన పోరాటం, గడ్డిబొమ్మ అంటే రైతు, రేకు మనిషి అంటే ఫ్యాక్టరీ కూలీ, పిరికి సింహం అంటే బ్రయాన్ అనే నాయకుడు, ఇలా. క్లాసులో పిల్లలకి 1890ల రాజకీయం ఎక్కించడానికి ఆయనకి ఇది బాగా పనికొచ్చింది. పాఠంగా చాలా మంచిది. కానీ తర్వాత వచ్చినవాళ్ళు అది బామ్ కావాలని దాచిన రహస్య సంకేతమని రాసేశారు, ఇంగ్లీషులో ఔన్సుని oz అని రాస్తారు కాబట్టి ఓజ్ అంటే బంగారం తూచే ఔన్సు అని కూడా అన్నారు. లిటిల్‌ఫీల్డే 1990ల్లో, బామ్‌ ఆ వెండి నాణేల ఉద్యమాన్ని సమర్థించాడనడానికి ఆధారం లేదని పేపర్‌కి ఉత్తరం రాశాడు. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం. అయినా ఆ ఉత్తరం కంటే రహస్య సంకేతం కథే ఎక్కువ దూరం పోయింది.

టోల్కీన్ దీన్ని చక్కగా విడదీశాడు. ఆయన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ కథలో ఉంగరం అంటే అణుబాంబేనని జనం అంటుంటే, 1960ల్లో కొత్త ముద్రణకి రాసిన ముందుమాటలో కాదన్నాడు. చదివేవాళ్ళు తమ బతుక్కి అన్వయించుకోవడం వాళ్ళ స్వేచ్ఛ, అర్థం ఇదేనని రచయిత బిగించేది అలిగరీ, ఈ రెండూ ఒకటి కావని ఆయన మాటల సారం. నేను దీనికి మూడోది చేరుస్తాను, రచయితా కాదు చదివేవాడూ కాదు, మధ్యలో ఎవడో కథని దొంగిలించి ఇదే సాక్ష్యం అని చూపించడం.

అలా దొంగిలించిన కథల్లో అన్నిటికన్నా ఘోరమైనది చెప్తాను. ఫ్రాన్స్‌లో మూడో నెపోలియన్ నియంతృత్వం నడుస్తుండగా 1864లో మారిస్ జోలీ అనే లాయరు నరకంలో మాకియవెల్లీకీ మాంటెస్క్యూకీ సంభాషణ అని, పాతకాలపు ఇద్దరు రాజనీతి రచయితలు మాట్లాడుకుంటున్నట్టు, ఒక వ్యంగ్య పుస్తకం రాశాడు, నరకంలో కూర్చున్న మాకియవెల్లీ జనాన్ని ఎలా అణచాలో చెప్తుంటాడు, ఆ మాటలు చక్రవర్తివేనని అందరికీ తెలుస్తుంది. జోలీని 15 నెలలు జైల్లో పెట్టారు. ఆ పుస్తకంలో యూదుల ఊసే లేదు. తర్వాత ఎవరో అందులోంచి పేరాలకి పేరాలు ఎత్తి, యూదు పెద్దలు ప్రపంచాన్ని ఏలడానికి వేసిన పథకం అని ఒక దొంగ పత్రం తయారుచేశారు, 1903లో రష్యాలో ఒక పేపర్లో అచ్చయింది. 1921లో లండన్ టైమ్స్ విలేకరి ఫిలిప్ గ్రేవ్స్ రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెట్టి దొంగతనం బయటపెట్టాడు. అప్పటికే అది ఎన్ని దేశాలకి పోవాలో అన్నిటికీ పోయింది, హిట్లర్ పార్టీ దాన్ని వాడుకుంది, ఆ తర్వాత జరిగింది మనకి తెలుసు. నియంతని తిట్టడానికి రాసిన కల్పన, రాసినవాడి పేరు చెరిపేసరికి, జనాన్ని చంపడానికి సాకైంది. ఇది మొదట చదివిన రోజు నాకు రాత్రి నిద్రపట్టలేదు.

ఇల్యూమినాటి సంగతి చిన్నదే. 1776లో బవేరియాలో వైస్‌హాప్ట్ అనే ప్రొఫెసర్ పెట్టిన రహస్య సంఘం, పదేళ్ళు తిరక్కుండా ప్రభుత్వం నిషేధించింది. ఫ్రెంచి విప్లవం వాళ్ళ కుట్రేనని 1797లో ఇద్దరు పుస్తకాలు రాయడంతో ఆ పేరు బతికిపోయి, రెండు వందల ఏళ్ళ తర్వాత పాలకొండ వాట్సాప్ గ్రూపు దాకా వచ్చింది.

మన శ్రీకాకుళంలో కథానిలయం ఉంది కదా, కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు) 1997 ఫిబ్రవరిలో పెట్టారు, హ్యారీ పాటర్ మొదటి పుస్తకం వచ్చింది కూడా అదే ఏడాది జూన్‌లో. అక్కడ తెలుగు కథలు పోగుచేసే పద్ధతిలో నాకు నచ్చేది ఒక్కటే, కథ ఎవరు రాశారు, ఏ పత్రికలో, ఎప్పుడు వచ్చింది అన్నది కథతో పాటే ఉంచడం. గ్రూపుల్లో వచ్చే మెసేజ్‌కి ఆ మూడూ ఉండవు. అక్కకి ఇదే చెప్పాను, ఆ ఆనియన్ సంగతీ జోలీ సంగతీ మొత్తం. చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే, దించేస్తానులే, గ్రూపులో కూడా నువ్వే తెలుగులో రాసి పెట్టు, నాను చెప్తే వినరు" అంది. రాశాను. ఇద్దరు థాంక్స్ అన్నారు, ఒకాయన మీరు కూడా వాళ్ళ మనిషేనా అని అడిగాడు.

పాప ఇప్పుడు ఐదో పుస్తకంలో ఉంది. అందులో విలన్ తిరిగొచ్చాడని హ్యారీ చెప్తే మంత్రి నమ్మడు, హెడ్మాస్టర్ డంబుల్‌డోరే తనని దించడానికి సైన్యం తయారుచేస్తున్నాడని అనుకుంటాడు, పెద్ద పేపరేమో హ్యారీని అబద్ధాలకోరని రాస్తుంది. చివరికి నిజం అచ్చయ్యేది ఎవరూ నమ్మని వింత కథలు వేసే చిన్న పత్రికలో. మొన్న ఆదివారం ఫోన్లో, "మావయ్యా, పెద్ద పేపర్లో అబద్ధం, పిచ్చి పత్రికలో నిజం వస్తే జనానికి ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. నేను ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే తనే, "హ్యారీ తన పేరు పెట్టుకునే చెప్పాడు కదా, ఆ రాత్రి అక్కడ ఎవరెవరున్నారో కూడా పేర్లతో చెప్పాడు" అని, మళ్ళీ చదువుకోవాలని ఫోన్ వాళ్ళమ్మకిచ్చేసింది.