ఫోరామినిఫెరా గుర్తింపు: మైక్రోస్కోప్ బల్ల దగ్గర వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

బరంపురంలో ఉంటూ సముద్రపు మట్టిలోని సూక్ష్మ శిలాజాలు చూడడం, వాటిని గుర్తించడం నేర్పడం నా పని. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి వైపు తెలుగు పిల్లలు ఎక్కువ. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. అందుకే సబ్జెక్టు గురించి తెలుగులో తీరిగ్గా మాట్లాడుకునే సందర్భమే వాళ్లకు రాదు. ఈలోగా కొన్ని తప్పు అభిప్రాయాలు సీనియర్ల నుంచి జూనియర్లకు అలాగే దిగిపోతున్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఇక్కడ రాస్తున్నాను.

ప్లాంక్టానిక్ ఫోరామినిఫెరా అంటే సముద్రపు నీళ్లలో తేలుతూ బతికే ఏకకణ జీవులు. ఒక్కొక్కటి తన చుట్టూ కాల్సైట్ అనే సున్నపు ఖనిజంతో గదులు గదులుగా గుల్ల కట్టుకుంటుంది. చాలా వాటి సైజు మిల్లీమీటరు కూడా ఉండదు. జీవి పోయాక గుల్ల అడుగుకు చేరి మట్టిలో నిలిచిపోతుంది. ఏ జాతి ఎప్పుడు పుట్టింది, ఎప్పుడు అంతరించింది అన్నది తెలుసు కాబట్టి, గుల్ల పేరు చెప్పగలిగితే మట్టి వయసు చెప్పవచ్చు. పేరు తప్పితే వయసు లక్షల ఏళ్లు అటూ ఇటూ అయిపోతుంది. గుర్తింపు గురించి నేను ఇంత పట్టుబట్టేది అందుకే.

అపోహ: ఇవి బుల్లి నత్తగుల్లలు.

మొదట్లో పెద్దవాళ్లే అలా అనుకున్నారు. 1826లో వీటిని వర్గీకరించిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త డోర్బిన్యీ వీటిని ఆక్టోపస్‌లు, నాటిలస్‌లు ఉండే మొలస్కా వర్గంలో చేర్చాడు. లోపల ఉన్నది ఒకే కణమని 1835లో డ్యుజార్డాఁ తేల్చాడు. అయినా డోర్బిన్యీ పెట్టిన జాతుల పేర్లలో చాలా వాటిని ఇప్పటికీ వాడుతున్నాం. వర్గం పొరపాటైనా గుల్లను ఆయన గమనించిన తీరు అంత నిశితంగా ఉంది.

అపోహ: సముద్రం పక్కనే ఉన్నాం, గోపాలపూర్ ఇసుకో చిలికా బురదో తెస్తే చాలు.

ప్రాజెక్టు మొదలుపెట్టే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అంటారు. గోపాలపూర్ ఒడ్డున ఇసుక ఏరుతుంటే వల బాగుచేసుకుంటున్న మన తెలుగు మత్స్యకారుడు ఒకాయన "ఏటి మాస్టారూ, ఇసకలో రత్నాలేటైనా దొరుకుతాయేటి?" అని అడిగాడు. ఆయన మాటలో నిజముంది. ఈ తీరపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, జిర్కాన్, సిల్లిమనైట్ లాంటి బరువైన ఖనిజాలు దండిగా ఉన్నాయి. ఛత్రపూర్ దగ్గర వాటిని తవ్వి తీస్తున్నారు కూడా. కానీ అలలు నిత్యం దంచే ఆ ఇసుకలో మనకు కావలసిన పలచటి గుల్లలు నిలవడం కష్టం.

చిలికా సంగతి వేరు. అక్కడి బురదలో ఫోరామినిఫెరా ఉన్నాయి, కానీ అవి అడుగున పాకే బెంథిక్ రకాలు. అమ్మోనియా (వాయువు కాదు, ఒక ఫోరామినిఫెరా పేరు) లాంటివి పుష్కలంగా దొరుకుతాయి. తేలే రకాలకు లోతైన, ఉప్పదనం నిలకడగా ఉండే బహిరంగ సముద్రం కావాలి. సరస్సు నోటి దగ్గర అలలు తోసుకొచ్చిన చిన్న గుల్లలు ఒకటీ అరా కనిపిస్తే, అవి అక్కడ బతికినవి అనుకోవద్దు. తీరం నుంచి లోతుకు వెళ్లేకొద్దీ తేలే రకాల వాటా పెరుగుతూ పోతుంది. పాత పొరల్లో సముద్రం ఎంత లోతుండేదో అంచనా వేయడానికి ఈ వాటానే వాడతారు.

ఈ ప్రాంతానికి సంబంధించి మంచి మట్టి కావాలంటే మహానది ముఖానికి ఎదురుగా ఉన్న లోతు సముద్రానికి వెళ్లాలి. 2014 నవంబరు చివరి నుంచి 2015 జనవరి వరకు జోయిడెస్ రిజల్యూషన్ అనే తవ్వకాల నౌక, అంతర్జాతీయ సముద్ర తవ్వకాల కార్యక్రమం (ఐఓడీపీ) 353వ యాత్రలో రుతుపవనాల చరిత్ర కోసం బంగాళాఖాతంలో బోర్లు వేసింది. వాటిలో యు1445, యు1446 అనే రెండు చోట్లు మహానది బేసిన్‌లోవే. కొరాపుట్, రాయగడ కొండరాళ్లలో ఇవి దొరుకుతాయా అని కూడా అడుగుతుంటారు. అవి ఖోండలైట్, చార్నొకైట్ లాంటి రూపాంతర శిలలు, అంటే భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ పూర్తిగా మారిపోయిన రాళ్లు. వాటిలో వీటిని వెతకడం వృథా.

అపోహ: అట్లాస్‌లో బొమ్మ పక్కన పెట్టి పోల్చుకుంటే పేరు వచ్చేస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. బొమ్మ చూడాలి, కానీ చివర్లో. ముందు గుల్లను ఒక వరుసలో చదవాలి.

మొదట గోడ. ముళ్లున్న రకమా, లేని రకమా? శిలాజంలో ముళ్లు దాదాపుగా విరిగిపోయి ఉంటాయి. అవి మొలిచిన చోట గుర్తులు మాత్రం మిగులుతాయి. రంధ్రాలు పెద్దవా, మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్నవా? ఉపరితలం నున్నగా ఉందా, తేనెపట్టులా గుంటలు గుంటలుగా ఉందా? కుటుంబం తేలేది ఇక్కడే. గోడ చూడకుండా గదులు లెక్కపెట్టడం మొదలుపెడితే మొదటికే మోసం వస్తుంది.

తర్వాత గదుల అమరిక. మెట్లచుట్టులా పైకి లేచిందా, ఒకే తలంలో తిరిగిందా, చివరి చుట్టులో ఎన్ని గదులు? ఆ తర్వాత నోరు, అంటే గుల్లలోంచి జీవి బయటకు వచ్చే ద్వారం. అది బొడ్డు (చుట్టు మధ్యలోని గుంట) దగ్గరే ఉందా, అంచు దాకా సాగిందా? నోటికి పెదవి ఉందా? వెనకవైపు అదనపు నోళ్లు ఉన్నాయా? వీటి కోసం గుల్లను కనీసం మూడు భంగిమల్లో చూడాలి: బొడ్డు వైపు, దానికి వెనకనున్న చుట్టు వైపు, పక్కవాటుగా. సన్నటి కుంచెను తడి చేసి దొర్లించడం చేతకాకపోతే ఈ పని సాగదు.

ఒక ఉదాహరణ. గ్లోబిజెరినా బుల్లాయిడిస్, గ్లోబిజెరినా ఫాల్కొనెన్సిస్ రెండింటికీ ముళ్లుంటాయి, రెండింటికీ చివరి చుట్టులో నాలుగు గదులు, రెండింటికీ నోరు బొడ్డు మీదే. బుల్లాయిడిస్ నోరు వెడల్పుగా తెరుచుకుని ఉంటుంది, పెదవి ఉండదు. ఫాల్కొనెన్సిస్ నోటిని సన్నటి పెదవి కప్పుతుంది, చివరి గది కూడా కాస్త చిన్నది. బొమ్మల్లో ఈ పెదవి కంటికి ఆనదు. వెలుతురు పక్కనుంచి పడేలా దీపం తిప్పితేనే తెలుస్తుంది.

ఇంకోటి ఇంతకంటే ఖరీదైన తేడా. స్ఫీరాయిడినెల్లా డెహిసెన్స్, స్ఫీరాయిడినెల్లాప్సిస్ సెమినులినా రెండింటి మీదా మందపాటి మెరిసే పూత ఉంటుంది. బొడ్డు వైపు నుంచి చూస్తే ఏది ఏదో తేల్చుకోవడం కష్టం. తిప్పి చుట్టు వైపు చూడండి. అదనపు నోరు ఉంటే డెహిసెన్స్, లేకపోతే సెమినులినా. డెహిసెన్స్ సుమారు 55 లక్షల ఏళ్ల క్రితం పుట్టి నేటికీ బతికే ఉంది. సెమినులినా సుమారు 36 లక్షల ఏళ్ల క్రితమే అంతరించింది. వెనక్కి తిప్పి చూడడానికి బద్ధకించి, నిన్న మొన్నటి మట్టిని 36 లక్షల ఏళ్ల కంటే పాతదని రాసిన రిపోర్టు ఎవరికి ఉపయోగం?

అపోహ: ఆకారం వేరైతే జాతి వేరు.

ట్రైలోబాటస్ సాక్యులిఫర్‌లో కొన్ని గుల్లలకు చివరి గది సంచిలా సాగి ఉంటుంది. కొన్నింటికి అది మామూలుగానే ఉంటుంది. ఒకప్పుడు వీటికి నాలుగు పేర్లు పెట్టి నాలుగు గడుల్లో వేసేవారు. 2013లో వచ్చిన డీఎన్ఏ పరిశోధన, నేటి సముద్రాల్లో ఉన్న ఈ ఆకారాలన్నీ ఒకే జాతివని చూపింది. అయినా లెక్కపెట్టేటప్పుడు సంచి ఉన్నవి, లేనివి విడిగానే రాసుకోమంటాను. కలపాలంటే తర్వాతైనా కలపొచ్చు. కలిపేశాక విడదీయాలంటే మళ్లీ స్లైడ్ ముందు కూర్చోవాల్సిందే.

ఆకారం వయసుతో కూడా మారుతుంది. ఆర్బులినా యూనివర్సా పైకి ఒట్టి గోళం. గోడ విరిగిన గుల్ల దొరికితే లోపల చూడండి, చిన్ననాటి చుట్ట గుల్ల ఒక్కోసారి అలాగే ఉంటుంది. చివర్లో ఒక గోళాకారపు గది మొత్తాన్ని చుట్టేసిందన్నమాట. ఈ వంశం గోళంగా మారింది సుమారు కోటిన్నర ఏళ్ల క్రితం. అందుకే మయోసీన్ అనే భూగర్భ కాలపు పొరల్లో ఆర్బులినా కనిపించడం మొదలైన చోటు మాకు మైలురాయి. పిల్ల గుల్లలతో టెన్షన్ ఎక్కువ. చాలా జాతుల పిల్లలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. నమ్మకం లేనప్పుడు ప్రజాతి (జీనస్) పేరు వరకు రాసి ఆపేయడం మంచిది. బలవంతంగా జాతి పేరు తగిలించడం కంటే అది ఎంతో గౌరవప్రదం.

అపోహ: రంగును పట్టించుకోనక్కర్లేదు.

మామూలుగా నిజమే, శిలాజాల్లో రంగు నిలవదు. కానీ గ్లోబిజెరినాయిడిస్ రూబర్‌లో గులాబీ రంగు రకం ఒకటుంది. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో అది సుమారు 1,20,000 ఏళ్ల క్రితం కనుమరుగైంది. అట్లాంటిక్‌లో ఇప్పటికీ బతికే ఉంది. బంగాళాఖాతం కోర్‌లో (బోరు వేసి తీసిన మట్టి స్తంభంలో) పైనుంచి దిగుతుంటే గులాబీ గుల్లలు మొదలైన పొర మనకు తేదీ చెబుతుంది. అందుకే పొడి పొడిగా ఉన్న నమూనాను మంచి తెల్లటి వెలుతురులో ఒకసారి చూసి, ఆ తర్వాతే మిగతా పనులు చేయండి.

అపోహ: 150 మైక్రాన్ల జల్లెడ మీద మిగిలింది చూస్తే సరిపోతుంది.

ఇటీవలి సముద్రపు మట్టికి అది మంచి పద్ధతే, పిల్ల గుల్లల గొడవ తగ్గుతుంది. కానీ ప్రతి కాలానికీ పనికిరాదు. రాజమండ్రి పరిసరాల క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సముద్రపు అవక్షేపాల పొర ఉంది. భూశాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం అందులోని ప్లాంక్టానిక్ ఫోరామినిఫెరాను గుర్తించి, ఆ పొర డైనోసార్లు అంతరించిన వెంటనే వచ్చిన డేనియన్ కాలం తొలినాళ్లదని 2008లో ప్రచురించింది. దక్కన్ లావా ప్రవాహాల కాలాన్ని ఆ మహా వినాశనంతో ముడిపెట్టడంలో ఈ గుల్లలే సాక్ష్యం. 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ దెబ్బ తర్వాత మిగిలినవి, కొత్తగా పుట్టినవి చాలా బుల్లివి. 150 మైక్రాన్ల జల్లెడ పెడితే అవన్నీ నీళ్లతో పాటు సింకులోకి పోతాయి. పైన మిగిలింది చూసి శిలాజాలే లేవని రాసేస్తాం. 63 మైక్రాన్ల జల్లెడ తప్పనిసరి, ఇలాంటి పొరలకైతే 38 మైక్రాన్లది కూడా వాడతారు. మన గోదావరి ఒడ్డు రాయి ప్రపంచ చర్చలోకి వెళ్లింది ఇంత చిన్న గుల్లల వల్లే. ఆ సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

అపోహ: ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ లేని కాలేజీలో ఈ పని కుదరదు.

కుదురుతుంది. గోడ నిర్మాణం ఖాయం చేసుకోవడానికి, ఫోటో ప్రచురించడానికి అది కావాలి. రోజువారీ గుర్తింపు చాలావరకు మామూలు స్టీరియో మైక్రోస్కోప్ కిందే జరుగుతుంది. గుల్లను కాస్త తడిపితే గదుల మధ్య అతుకు గీతలు తేటపడతాయి. ఆరాక గోడ కనిపిస్తుంది. మిఠాయిల్లో వేసే ఆకుపచ్చ రంగు నీళ్లలో కలిపి ఒక చుక్క అద్దితే రంధ్రాలు, నోరు స్పష్టంగా బయటపడతాయి. నల్లటి పళ్లెం, మంచి కుంచె, ట్రగకాంత్ జిగురు రాసిన 60 గడుల స్లైడ్ ఉంటే చాలు.

అపోహ: నమూనాలో కనిపించింది కాబట్టి ఆ కాలందే.

మూడు దారుల్లో తప్పు గుల్ల వచ్చి కూర్చుంటుంది. పాత పొర కోసుకుపోయి కొత్త మట్టిలో కలవడం ఒకటి. అలాంటి గుల్లల రంగు, అరుగుదల పక్కవాటికి భిన్నంగా ఉంటాయి. రెండోది చమురు బావుల్లో పై పొరల ముక్కలు కిందికి జారిపడడం. అందుకే బావి ముక్కలు చూసేవాళ్లు ఒక జాతి పుట్టుకను అంతగా నమ్మరు. పైనుంచి దిగుతుంటే అది మొదటిసారి తగిలిన లోతును, అంటే అంతరించిన మట్టాన్ని నమ్ముతారు. మూడోది మన జల్లెడే. క్రితం నమూనా గుల్లలు జాలీలో ఇరుక్కుని ఉంటాయి. ప్రతిసారీ కడిగాక జల్లెడను మిథిలీన్ బ్లూలో ముంచండి. తర్వాతి నమూనాలో నీలం గుల్ల కనిపిస్తే అది పాతదని తెలిసిపోతుంది, తీసి పక్కన పెట్టొచ్చు.

అపోహ: ఇక కంప్యూటరే పేరు చెప్పేస్తుంది.

2019లో 34 వేలకు పైగా ఫోటోలతో ఒక పెద్ద సంకలనం వచ్చింది, దాని మీద కంప్యూటర్లకు శిక్షణ ఇస్తున్నారు. నాకు సంతోషమే, వేల గుల్లల లెక్కలో అది చాలా శ్రమ తగ్గిస్తుంది. కానీ ఆ ఫోటోలకు పేర్లు పెట్టింది మనుషులే. ఫోటోలో కనపడేది ఒక్క వైపే. డెహిసెన్స్ వెనకనున్న నోరు అందులో ఎక్కడ కనబడుతుంది? ఇంకో జాగ్రత్త: ఫోటోను సాఫ్ట్‌వేర్‌లో అద్దంలోలా తిప్పేస్తే కుడి చుట్టు గుల్ల ఎడమ చుట్టుదైపోతుంది. చలి సముద్రాల్లోని నియోగ్లోబోక్వాడ్రినాలో ఎడమ చుట్టు పాకిడెర్మా, కుడి చుట్టు ఇన్‌కాంప్టా వేర్వేరు జాతులు కాబట్టి అక్కడ జాతి పేరే మారిపోతుంది.

అపోహ: పేర్లు ఊరికే మార్చేస్తుంటారు, ఏది రాసినా ఒకటే.

సాక్యులిఫర్‌ను 1877లో బ్రాడీ గ్లోబిజెరినా ప్రజాతిలో వర్ణించాడు. తర్వాత చాలాకాలం అది గ్లోబిజెరినాయిడిస్‌లో ఉంది. వంశక్రమం వేరని చూపి 2015లో ట్రైలోబాటస్ అనే కొత్త ప్రజాతిలోకి మార్చారు. ప్రజాతి మారింది, జాతి పేరు నిలిచింది. ఈ మార్పులకు అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి ఉంది. ప్రతి పేరుకూ ఆధారంగా ఒక నమూనా గుల్ల ఉండాలంటుంది అది. అందుకే మన స్లైడ్ మీద "ట్రైలోబాటస్ సాక్యులిఫర్ (బ్రాడీ)" అని కర్త పేరుతో సహా రాయాలి. ఆ కుండలీకరణం చూడగానే, బ్రాడీ దీన్ని వేరే ప్రజాతిలో పెట్టాడని తర్వాత చదివేవాళ్లకు అర్థమవుతుంది. పేరు కింద కోర్ నంబరు, లోతు, జల్లెడ సైజు, ఎవరు గుర్తించారో కూడా పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా తడి తగిలితే చెరిగిపోతుంది.