గ్రాండ్‌మాస్టర్ అయ్యాకే అసలు కష్టం: కొన్ని అపోహలు, వాస్తవాలు

పెద్ద చదరంగం ఆటగాళ్లకు సెకండ్‌గా పనిచేస్తుంటాను. అంటే ఓపెనింగ్‌లు (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరసలు) తయారుచేసి పెట్టే సహాయకుణ్ణి. ఎక్కడికెళ్లినా ఎదురయ్యే మాటలివి.

అపోహ: టైటిల్ వచ్చిందంటే శిఖరం ఎక్కేసినట్టే.
వాస్తవం: మూడు నార్మ్‌లు (టోర్నీల్లో నిర్ణీత స్థాయి ప్రదర్శనలు) సాధించి, ఒక్కసారి 2500 రేటింగ్ (ఆటగాడి బలాన్ని చెప్పే అంకె) అందుకుంటే టైటిల్ వస్తుంది, జీవితాంతం పోదు. పెద్ద టోర్నీల పిలుపు మాత్రం రేటింగ్‌ను బట్టే. 2700 ఉన్నవాడు ఓపెన్ టోర్నీలో, అంటే పిలుపు లేకుండానే ఆడగలిగేదాంట్లో, 2500 వాడిపై గెలిస్తే దక్కేది 2.4 పాయింట్లు, డ్రా అయితే పోయేది 2.6. అందుకే పైవాళ్లు ఓపెన్‌లంటే జంకుతారు.

అపోహ: ఇరవై ఎత్తులు ముందే చూసేస్తారు.
వాస్తవం: డచ్ పరిశోధకుడు అడ్రియాన్ డి గ్రూట్ 1940లలోనే పరీక్షించి చూశాడు. గ్రాండ్‌మాస్టర్లు మిగతా మంచి ఆటగాళ్లకన్నా మరీ లోతుకేమీ వెళ్లలేదు. కాకపోతే సరైన ఎత్తు వాళ్ల కంట్లో త్వరగా పడింది.

అపోహ: ఇంజిన్లు (చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములు) వచ్చాక ప్రిపరేషన్ తేలికైపోయింది.
వాస్తవం: నిజానికి పని పెరిగింది. మన దగ్గరున్న ఇంజినే అవతలివాడి దగ్గరా ఉంది. అది మొదటి ఎంపికగా చూపే ఎత్తును అతను ఎప్పుడో చదివేసి ఉంటాడు. కాబట్టి మేం వెతికేది దాని ఎంపికల్లో మూడోదో, నాలుగోదో: ఇంజిన్ సమానమే అంటుంది కానీ, గడియారం నడుస్తుండగా మనిషి సరైన జవాబు కనుక్కోలేనిది. అలాంటిది ఒకటి దొరకడానికి రోజులు పడుతుంది. దొరికినా ఎదుటివాడు ఆ ఎత్తుల వరసలోకే రాకపోవచ్చు, ఫైల్ అలాగే పడి ఉంటుంది. వచ్చాడే అనుకోండి, బట్టీ పట్టిన ఎత్తులు అయిపోయాక వచ్చే మొదటి ఎత్తే ప్రమాదం. పావు అక్కడెందుకుందో తెలియనివాడు అక్కడే ఓడతాడు.

అపోహ: డ్రా అంటే పిరికితనం.
వాస్తవం: 2018 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్, కరువానా ఆడిన 12 క్లాసికల్ (ఎక్కువ సమయమిచ్చే) గేములూ డ్రానే. వాటిలో మొదటిది 115 ఎత్తులు సాగింది. నల్లపావులతో ఆడిన కార్ల్‌సన్ గెలుపు అంచుదాకా వెళ్లి చేజార్చుకున్నాడు. పిరికితనం ఎక్కడుంది ఇందులో? చేతులు కలిపేసుకునే ఇరవై ఎత్తుల డ్రాలూ ఉన్నాయి, వాటిని నేను వెనకేసుకురాను.

అపోహ: కూర్చుని ఆడేదానికి ఒంట్లో శక్తెందుకు?
వాస్తవం: 2021లో దుబాయ్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కార్ల్‌సన్, నెపోమ్నియాషి ఆడిన ఆరో గేమ్ 136 ఎత్తులు, దాదాపు ఎనిమిది గంటలు సాగింది. అది ఓడిన నెపోమ్నియాషి తర్వాత మరో మూడు ఓడాడు. వాటిలో మామూలుగా అతను చేయని తప్పులున్నాయి.

అపోహ: అందరూ కోటీశ్వరులే.
వాస్తవం: ప్రైజ్ మనీతోనే హాయిగా బతికేది కొద్దిమందే. మిగతావాళ్లు క్లబ్ లీగుల్లో ఆడతారు, పిల్లలకు నేర్పుతారు, లేదా నాలాగా ఇంకొకరి కోసం ఓపెనింగ్‌లు వెతుకుతారు.