ఫుట్‌పాత్ పెంచితే బేరాలు పోతాయా? బజారు వీధుల మీద అపోహలు - వాస్తవాలు

నాది రోడ్ల డిజైన్ పని. పదేళ్లకు పైగా టేపు పట్టుకుని నెల్లూరు, ఒంగోలు బజారు వీధుల్లో తిరుగుతున్నాను. ట్రంకు రోడ్డయినా, చిన్నబజారైనా అంగళ్ల వాళ్ల నోట ఒకటే మాట: "జనం తగ్గిపోయారు సార్. ఫోన్లో ఆర్డర్ పెట్టుకుంటున్నారు, లేదంటే మాల్‌కు పోతున్నారు." వాళ్ల బాధ నిజం. సాయంత్రం ఏడింటికి కూడా కుర్చీలో కూర్చుని వీధి వైపు చూస్తుండే ఓనర్లను చూస్తే నాకు మనసు కష్టమవుతుంది.

నేను చెప్పే మందుల్లో ఒకటి, కొన్నాళ్ల పాటు ఫుట్‌పాత్‌ను తాత్కాలికంగా వెడల్పు చేసి చూడటం. రోడ్డు అంచున బండ్లు నిలబడే పట్టీని డ్రమ్ములతో, తాళ్లతో, పూలకుండీలతో వేరు చేసి నడిచేవాళ్లకు, నిలబడి టిఫిన్ తినేవాళ్లకు, కాసేపు కూర్చోవాలనుకునే పెద్దవాళ్లకు ఇవ్వడం. తవ్వకం లేదు, కాంక్రీటు లేదు. పనికిరాదనుకుంటే ఒక్క రాత్రిలో తీసేయొచ్చు. కోవిడ్ సమయంలో, 2020లో, కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ కూడా మార్కెట్లను నడిచేవాళ్లకు అనువుగా మార్చమని నగరాలకు సలహా ఇచ్చింది. పది లక్షల జనాభా దాటిన నగరాలు కనీసం మూడు మార్కెట్లను, అంతకంటే చిన్నవి కనీసం ఒక మార్కెట్‌ను ఎంచుకోవాలని అందులో ఉంది. నెల్లూరు, ఒంగోలు రెండూ ఆ రెండో కోవలోకే వస్తాయి.

ఈ మాట ఎత్తగానే వచ్చే అభ్యంతరాలు ప్రతి వీధిలోనూ దాదాపు ఒకటే. కొన్నింటిలో నిజముంది. కొన్ని మాత్రం ఎవరూ లెక్క చూడకుండా ఒకరి నోటి నుంచి ఒకరికి పాకినవి.

అపోహ: మా కస్టమర్లంతా కార్లలోనే వస్తారు. అంగడి ముందు పార్కింగ్ తీసేస్తే షట్టర్ దించుకోవాల్సిందే.

ఇది అన్నిటికంటే బలంగా పాతుకుపోయిన నమ్మకం. ఒక్క మన దగ్గరే కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2006లో సస్ట్రాన్స్ అనే సంస్థ అంగళ్ల వాళ్లను, కొనడానికి వచ్చినవాళ్లను విడివిడిగా అడిగింది. కస్టమర్లలో 41 శాతం కార్లలో వస్తారని అంగళ్ల వాళ్లు అనుకున్నారు. నిజంగా వచ్చింది 22 శాతం. బెర్లిన్‌లో రెండు బజారు వీధుల మీద చేసిన అధ్యయనం 2021లో వచ్చింది. అక్కడ వ్యాపారుల అంచనా 22 శాతం, అసలు లెక్క 7 శాతం దగ్గర. కార్లు మనకంటే చాలా ఎక్కువున్న దేశాల మాట ఇది.

వ్యాపారులు తెలివితక్కువవాళ్లు కాదు. మరి ఈ పొరపాటు ఎందుకు జరుగుతుంది? కార్లో వచ్చినాయన లోపలికి రాగానే "ఏందయ్యా, కారు పెట్టడానికి జాగానే లేదు మీ వీధిలో" అని గట్టిగా అంటాడు. ఆ మాట గుర్తుండిపోతుంది. నడిచొచ్చినామె ఏమీ అనదు. ఫుట్‌పాత్ బాగలేక అసలు లోపలికే రాని మనిషి సంగతి ఓనర్‌కు ఎప్పటికీ తెలియదు.

ఒక బట్టల అంగడి ఓనర్‌తో నాకు ఈ విషయం మీద పెద్ద వాదన జరిగింది. చివరికి నేనొకటే అడిగాను: "అన్నా, వారం రోజులు ప్రతి బిల్లు వెనక ఒక అక్షరం రాయించండి. కారుకు కా, బండికి బం, ఆటోకు ఆ, నడిచొస్తే న. అంతే." క్యాష్ కౌంటర్ అమ్మాయి ఓపికగా రాసింది. ఆదివారం రాత్రి ఇద్దరం కూర్చుని బిల్లులన్నీ తిరగేసి గల్లాబల్ల మీద కుప్పలు పెట్టాం. బం, న, ఆ మూడు కుప్పలు పెరుగుతూ పోయాయి. కా కుప్పను ఒక పేపర్ వెయిట్ కింద పెట్టగలిగాం. ఆయన ఆ కుప్పను చేతిలోకి తీసుకుని మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకున్నారు. ఇది ఒక్క అంగడి సంగతే, ఊరంతటికీ వర్తిస్తుందని అనను. మీ అంగడిలో మీరే రాసి చూడండి. ఖర్చు ఒక పెన్ను.

బండ్ల భయంలో మాత్రం నిజముంది. మన ఊళ్లలో బజారుకు వచ్చేది ఎక్కువగా టూ వీలర్ మీదే. "మరి బండి యాడ పెట్టాలి?" అని అడిగితే జవాబు చెప్పకుండా ట్రయల్ మొదలుపెట్టకూడదు. దానికో చిన్న లెక్కుంది. ఒక కారు నిలపడానికి 5 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు జాగా లెక్కేస్తాం. అదే జాగాలో ఐదు బండ్లు వరసగా పడతాయి. కాబట్టి వీధి రెండు చివర్లలోనూ, పక్క సందు మొదట్లోనూ కార్ల జాగాను బండ్లకు ఇవ్వాలి. నడుమ భాగం నడిచేవాళ్లకు.

ఇంకొకటి కూడా చెప్పాలి. పొద్దున పదింటికి వచ్చి రాత్రి తొమ్మిది దాకా అంగడి ముందు కదలకుండా ఉండే బండ్లు ఎవరివో ఒకసారి చూడండి. చాలా చోట్ల అవి ఓనర్‌వి, పనిచేసే పిల్లలవి. గంటకు ఇద్దరు ముగ్గురు కస్టమర్లు మారాల్సిన జాగా పూటంతా మనవాళ్ల చేతుల్లోనే ఉంటోంది. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది, అయినా అనక తప్పదు.

అపోహ: ఫుట్‌పాత్ ఉంది కదా, మళ్లీ పెంచడమెందుకు?

మన బజారుల్లో ఫుట్‌పాత్ అంటే చాలా చోట్ల సైడు కాలువ మీద పరిచిన పలకలే. మధ్యలో ఒక పలక లేచి ఉంటుంది, ఒకటి విరిగి ఉంటుంది. ఒక అంగడి ఓనర్ తన గుమ్మం ముందు టైల్స్ వేసి జానెడు ఎత్తు పెంచుకుంటాడు, పక్కాయన బండి ఎక్కించడానికి ర్యాంపు పోయిస్తాడు. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్, ఆ తర్వాత బొమ్మకు తొడిగిన చీర, ఆ తర్వాత ఫ్లెక్సీ బోర్డు. చంకలో పిల్లాడు, ఇంకో చేతిలో సంచీ ఉన్న తల్లి రెండంగళ్ల దూరం నడిచేలోపు మూడుసార్లు రోడ్డు మీదకు దిగి ఎక్కుతుంది. నాలుగోసారి ఎక్కదు. రోడ్డు పక్కనే నడుచుకుంటూ, వెనక హారన్‌కు భయపడుతూ, అద్దాల్లో పెట్టిన సరుకు వైపు చూడకుండానే వెళ్లిపోతుంది. బేరం పోయేది అక్కడ.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 మార్గదర్శకాల్లో, అంటే ఐఆర్‌సీ 103లో, అడ్డం లేకుండా నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఉండాలని, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంది. ఆ 1.8 ఏం లెక్క అంటారా? ఎదురెదురుగా రెండు వీల్‌చైర్లు తగలకుండా దాటుకోగలిగేంత. స్తంభాలు, మెట్లు, బోర్డులు తీసేయగా మిగిలేది అంత ఉండాలి. టేపు తీసుకుని మీ అంగడి ముందు కొలవండి.

అపోహ: రోడ్డు తగ్గిస్తే ట్రాఫిక్ ఆగిపోతుంది.

ట్రంకు రోడ్డు పేరులోనే దాని చరిత్ర ఉంది. మద్రాసు నుంచి కలకత్తా పోయే గ్రాండ్ నార్తర్న్ ట్రంకు రోడ్డు అది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఊరి నడుమ నుంచే పోయేది. ఆ లారీలన్నీ ఇప్పుడు బైపాస్ మీదుగా జాతీయ రహదారి 16లో పోతున్నాయి. అయినా మన బుర్రలో ఆ వీధి ఇంకా హైవేనే. అంగుళం తగ్గినా ప్రాణం పోయినట్టు అనిపిస్తుంది.

వాహనాలు ఎంత త్వరగా కదులుతాయన్నది వీధిలో అన్నిటికంటే ఇరుకైన చోటు తేలుస్తుంది, అన్నిటికంటే వెడల్పైన చోటు కాదు. సీసా పొట్ట ఎంత పెద్దదైనా నీళ్లు వచ్చేది మూతి ఎంతుంటే అంతే. మన వీధులకు ఆ మూతి దాదాపు ఎప్పుడూ కూడలే. సిగ్నల్ దగ్గరో, ఆటోలు అడ్డంగా ఆగే మలుపులోనో. నడుమ భాగంలో అదనంగా ఉన్న వెడల్పులో వాహనాలు కదలవు, నిలబడతాయి. మేము తీసుకునేది ఆ నిలబడే జాగానే.

అందుకే ముందు పాయింటు పాయింటుకూ వెడల్పు కొలిచి, వాహనాలకు ఎక్కడా తేడా లేకుండా ఒకే వెడల్పు వదులుతాం. వరసకు మూడు నుంచి మూడున్నర మీటర్లు. దానికి బయట మిగిలింది ఫుట్‌పాత్‌లో కలుస్తుంది. ఫైరింజన్, అంబులెన్స్ పోయే దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, అడ్డుపెట్టినవి ఇద్దరు మనుషులు చేత్తో జరపగలిగేలా ఉండాలి. కూడలి దగ్గర మాత్రం ట్రాఫిక్ పోలీసుల మాట వినకుండా ఒక్క డ్రమ్ము కూడా పెట్టకూడదు. రోజూ అక్కడ నిలబడేది వాళ్లు.

అపోహ: తాత్కాలికం అంటే తూతూమంత్రం.

న్యూయార్క్‌లోని టైమ్స్ స్క్వేర్ దగ్గర 2009 మేలో బ్రాడ్వే రోడ్డు మీద వాహనాలు ఆపేసి, ఇంటి పెరట్లో వేసుకునే మడత కుర్చీలు వేశారు. చూసి, కొలిచి, మరుసటి ఏడాది శాశ్వతం చేస్తామని ప్రకటించారు. కోపెన్‌హేగన్‌లో స్ట్రోయెట్ వీధిని 1962లో నడిచేవాళ్లకు ఇచ్చిందీ ప్రయోగంగానే, 1964లో ఖాయమైంది. అంత దూరం వద్దనుకుంటే మనవాళ్లు పెళ్లి బట్టలకు పోయే చెన్నై టీ నగర్ చూడండి. అక్కడి పాండీ బజారులో శాశ్వత పనికి ముందు కొన్ని రోజులు వాహనాలు ఆపి ట్రయల్ చేశారు. వెడల్పు ఫుట్‌పాత్‌లతో కొత్త వీధి 2019 నవంబరులో తెరిచారు.

ట్రయల్ విలువ నాకు నా పొరపాటుతోనే బాగా తెలిసింది. ఒక వీధిలో మేము పెట్టిన అడ్డాలు మధ్యలో సందు లేకుండా వరసగా పెట్టేశాం, చూడ్డానికి చక్కగా ఉంటుందని. మధ్యాహ్నం ఒక గట్టి వాన పడింది. రోడ్డు మీది నీళ్లు కాలువలోకి జారే దారికి మేమే కట్ట కట్టామని అప్పుడు అర్థమైంది. గాజుల అంగడి అక్క చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని చీపురుతో మెట్ల మీది నీళ్లు తోస్తోంది. "నువ్వు పెట్టిన డబ్బాలేనా నాయనా ఇవి?" అని అడిగింది. తల దించుకుని నేనూ ఒక చీపురు తీసుకున్నాను. ఆ సాయంత్రమే ప్రతి కాలువ కన్ను ఎదురుగా సందు వదిలాం. అదే కాంక్రీటు అయివుంటే ఆ అక్క ఎన్ని వానాకాలాలు నీళ్లు తోసుకునేదో.

అప్పటి నుంచి మొదటి గీత ముగ్గుపిండితోనే గీస్తున్నాను. తప్పయితే చెరిపేయొచ్చు. నీడకు పందిరి కావాలంటే షామియానా వాళ్ల దగ్గర సరుగుడు కర్రలు, గ్రీన్ నెట్ అద్దెకు దొరుకుతాయి.

అపోహ: వెడల్పు చేస్తే తోపుడు బండ్లు మొత్తం ఆక్రమిస్తాయి.

వీధి వ్యాపారుల చట్టం 2014 నుంచి ఉంది. సర్వే చేసి గుర్తించాలి, టౌన్ వెండింగ్ కమిటీ వేయాలి, అందులో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. బండ్లను తరిమితే నాలుగు రోజుల్లో తిరిగొస్తాయి, ఎందుకంటే కొనేవాళ్లు అక్కడే ఉన్నారు. గీత గీసి, నంబరు వేసి, జాగా చూపిస్తే వరసలో ఉంటాయి. పైగా మొక్కజొన్న కంకుల బండి దగ్గర ఆగిన మనిషే ఎదురుగా ఉన్న చెప్పుల అంగడి అద్దం వైపు చూస్తాడు. షరతు ఒక్కటే: ఆ 1.8 మీటర్లు బండికీ లేదు, అంగడి బొమ్మకూ లేదు, హోటల్ కుర్చీకీ లేదు.

అపోహ: మన ఎండలకు ఎవరు నడుస్తారు?

కోపెన్‌హేగన్‌లో వ్యాపారులు మా చలికి బయట ఎవరు తిరుగుతారన్నారు. మనం ఎండ అంటున్నాం. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి నడవమని ఎవరూ అడగరు. మన బజారు సాయంత్రం ఐదున్నర తర్వాత కదా మొదలయ్యేది. సాయంత్రాల వరకే ట్రయల్ పెట్టుకోవచ్చు.

అపోహ: స్తంభాలు పాతితే టూ వీలర్ బండ్లు ఫుట్‌పాత్ ఎక్కవు.

బండి దూరని సందులో వీల్‌చైర్ కూడా దూరదు, రెండింటి వెడల్పుకూ పెద్ద తేడా లేదు. మొదటి వారాలు అక్కడ ఒక మనిషి నిలబడటమే మార్గం.

అపోహ: పది రోజుల్లో బేరం పెరగలేదు, కాబట్టి ప్రయోగం ఫెయిల్.

బట్టల వీధిలో ఆషాఢంలో ట్రయల్ పెట్టి, అంతకు ముందు పెళ్లిళ్ల నెల అమ్మకాలతో పోలిస్తే ఎవరికైనా ఫెయిలే. శ్రావణంలో పెట్టి ఆషాఢంతో పోలిస్తే మాకు దొంగ పాస్. రెండూ అన్యాయమే. రంజాన్ ముందు, సంక్రాంతి ముందు, రొట్టెల పండుగ రోజుల్లో లెక్కలు వేరే. అందుకని ట్రయల్ లేని పక్క వీధిని కూడా అవే రోజుల్లో, అవే గంటల్లో లెక్కపెట్టాలి. నడిచేవాళ్లను లెక్కపెట్టాలి, ఆగి నిలబడినవాళ్లను విడిగా లెక్కపెట్టాలి. నాకు రెండోదే ముఖ్యం. పోయేవాళ్లు పోతారు, కొనేది ఆగినవాళ్లు. మొదలుపెట్టక ముందు రెండు వారాలు లెక్క లేకపోతే, తర్వాత ఎవరు ఎంత గట్టిగా అరిస్తే వాళ్ల మాటే నిజమవుతుంది.

అక్టోబరు, నవంబరుల్లో మన దగ్గర వానలు, తుపాన్లు. ఆ నెలల్లో మొదలుపెట్టొద్దు. సంక్రాంతి రద్దీ తగ్గాక, ఎండలు ముదిరేలోపు దొరికే వారాలు మంచివి. ముందు రోజు రాత్రి షట్టర్లన్నీ దించాక నేను, ఇద్దరు కుర్రాళ్లు టేపు, ముగ్గుపిండి తీసుకుని వెళ్తాం. పొద్దున అంగడి తెరవడానికి వచ్చిన ప్రతి ఓనర్ ఆ గీత దగ్గర ఆగుతాడు, కాలితో కొలుచుకుంటాడు, "ఇంతేనా, నేను సగం రోడ్డు తీసుకుంటారేమో అనుకున్నా" అంటాడు, లేదంటే "నా మెట్ల దగ్గర ఒక అడుగు లోపలికి జరపండి సార్" అంటాడు. పిండి తడిచేత్తో తుడిచి, అక్కడికక్కడే మళ్లీ గీస్తాం. డ్రమ్ములు దించేది ఆ తర్వాతే.