బడిలో చేరాలంటే టీకా కార్డు చూపాలా?

జూన్‌లో బళ్లు తెరిచేనాటికి కర్నూలు జిల్లా కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఊళ్లలో సుగ్గికి, అంటే కూలికి వలస, పోయినవాళ్లు తిరిగొచ్చి ఉంటారు. గుంటూరు మిరప చేలల్లో నెలల తరబడి ఉండొచ్చిన పిల్లవాణ్ని తల్లి బడికి తీసుకొస్తుంది. ఆధార్ ఉంటుంది, రేషన్ కార్డు జిరాక్సు ఉంటుంది. టీకాల కార్డు అక్కడి గుడిసెలోనే వానకు తడిసిపోయి ఉంటుంది. "ఎన్ని సూదులు వేయించినావమ్మా?" అంటే "ఈడ రెండు, ఆడొకటి ఏపిచ్చినాం సార్" అంటుంది. అవి ఏ సూదులో ఆమెకు తెలియదు.

టీకాలన్నీ వేయించినట్టు కార్డు చూపితేనే బడిలో చేర్చుకోవాలనే వాదన విన్నప్పుడల్లా నాకు ఈ తల్లే గుర్తొస్తుంది. టీకా ప్రతి బిడ్డకూ పడాలనడంలో నాకు రవ్వంత అనుమానం లేదు. ఊళ్లో తట్టు పాకకుండా ఉండాలంటే నూటికి 95 మందికి రెండు డోసులూ పడి ఉండాలి. ఆ కార్డును బడి గడపకు అడ్డం పెట్టడం దగ్గరే నా అభ్యంతరం.

ఈ నిబంధన పాతదే, మనది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ 1855లోనే బడి పిల్లలకు మశూచి టీకా తప్పనిసరి చేసింది. టీకా లేని పిల్లలను బడికి రానివ్వకపోవడం చెల్లుతుందని 1922లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. డిస్నీలాండ్‌లో మొదలైన తట్టు వ్యాప్తి తర్వాత, 2015లో కాలిఫోర్నియా సొంత నమ్మకాల పేరుతో ఇచ్చే మినహాయింపులను తీసేసింది. అక్కడ స్థిరపడిన మనవాళ్లు బిడ్డను బడిలో వేసేటప్పుడు కడపకో అనంతపురానికో ఫోన్ చేసి "అమ్మా, బీరువాలో టీకాల కార్డుందేమో చూడు" అనేది అందుకే.

మన దేశానికి టీకా 1802లో బొంబాయి మీదుగా వచ్చింది. 1880 నాటి చట్టం కొన్ని మున్సిపాలిటీల్లో, కంటోన్మెంట్లలో పిల్లలకు దాన్ని తప్పనిసరి చేసింది. పల్లెల్లో మాత్రం మశూచి అంటే పెద్దమ్మవారే. గుమ్మానికి వేపమండలు కట్టి, ఇంట్లో తాలింపు మానేసి, మారెమ్మకు మొక్కుకునేవాళ్లు. మా జేజి భుజం కింద రూపాయి బిళ్లంత టీకా మచ్చలు రెండుండేవి. చిన్నప్పుడు వేలితో తడిమి, నొప్పి పెట్టిందా అని అడిగేదాన్ని. 1975 తర్వాత దేశంలో మశూచి కేసు లేదు.

1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం వచ్చాక ఆ పని ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం చేతికి, ఆమె భుజాన వేలాడే టీకాల పెట్టెకు చేరింది. పోలియో చుక్కలు ఇంటింటికీ తిరిగి వేశారు. 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో వైరస్ సోకిన బిడ్డ లేదు. 2017 ఆగస్టులో తట్టు, రుబెల్లా టీకా బళ్లకే వచ్చింది. వరండాలో వరసగా పిల్లలు, వేసినవాళ్ల బొటనవేలి గోరు మీద నల్ల గుర్తు. అంటే మన దగ్గర బడి టీకా వేసే చోటు అయింది. లేదని వెనక్కి పంపే చోటు కాలేదు.

బడిలో వేసినా తల్లిదండ్రులను అడగకపోతే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు, చాలామందికి హాస్టళ్లలోనే, గర్భాశయ ముఖ క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకా వేశారు. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద వార్డెన్లే సంతకాలు పెట్టారు. కొందరు బాలికల మరణాలకు టీకానే కారణమని విచారణలో తేలలేదు. అయినా 2010లో కార్యక్రమం ఆగిపోయింది, 2013లో పార్లమెంటరీ సంఘం తప్పుపట్టింది. ఆ భయం జనంలోంచి పోవడానికి చాలా కాలం పట్టింది. అజ్ఞానం అని కొట్టిపారేయడానికి లేదు, ఆ సంతకాలు తల్లులవి కావు.

2022 మేలో సుప్రీంకోర్టు కోవిడ్ కేసులో ఎవరికీ బలవంతంగా టీకా వేయరాదని చెప్పింది. ప్రజారోగ్యం కోసం తగుమాత్రం ఆంక్షలు పెట్టవచ్చనీ అంది. ఇక విద్యాహక్కు చట్టం, వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో కూడా బిడ్డను తిప్పి పంపకూడదంటుంది.

నిజంగా పట్టించుకోవాల్సింది అయిదేళ్ల సూదిని. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతాలకు రెండో బూస్టరు పడేది అంగన్‌వాడీ వదిలి బడికి వచ్చే ఈ వయసులోనే. ఆ సంధిలోనే చాలామంది జారిపోతారు. ఏడేళ్లు నిండితే ఆ టీకా వేయరు. చేర్చుకున్న రోజే హెడ్‌మాస్టరు తల్లి నంబరు రాసుకుని ఏఎన్ఎంకు చెబితే, వచ్చే బుధవారమో శనివారమో ఆ సూది పడుతుంది. మళ్లీ సుగ్గికి బయలుదేరేలోపు కొత్త కార్డు కూడా చేతికొస్తుంది.