ట్రాంబ్లే: ఒక్క జంట నుంచి కెబెక్ అంతటా అల్లుకున్న ఇంటిపేరు

కెనడాలోని కెబెక్ రాష్ట్రంలో నూటికి ఒకరి ఇంటిపేరు ట్రాంబ్లే. రాష్ట్ర గణాంక సంస్థ 2006లో ఇంటిపేర్ల లెక్క తీసినప్పుడు మొదటి స్థానం దీనికే దక్కింది. గాన్యోన్, రువా అనే పేర్లు దాని తర్వాత నిలిచాయి. ఫ్రాన్సులో మాత్రం ఈ పేరు గలవారు చాలా తక్కువ. ఈ తేడా చూసినవారికి ఒకప్పుడు ట్రాంబ్లేలు గుంపులు గుంపులుగా ఓడలెక్కి ఉంటారని తోచడం సహజమే. చర్చి రిజిస్టర్లు చెప్పే సంగతి వేరు. ఉత్తర అమెరికాలోని ట్రాంబ్లేలలో దాదాపు అందరి వంశవృక్షమూ వెనక్కి వెళ్లి ఆగేది ఒక్క జంట దగ్గరే.

పేరుకు మూలం ఒక చెట్టు. మన రావి ఆకులాగే చిన్న గాలికే వణికిపోయే ఆకులున్న ఆ చెట్టును ఫ్రెంచివారు 'ట్రాంబ్ల్' అంటారు. వణుకు అనే అర్థమిచ్చే మాట నుంచి వచ్చిన పేరది. ఆ చెట్ల తోపు ఉన్న చోటు 'ట్రాంబ్లే' అయింది. ఫ్రాన్సులో ఈ పేరుతో ఊళ్లు అనేకం ఉన్నాయి, పారిస్ పక్కనే ఒకటి ఉంది. ఊరి పేరే ఇంటిపేరు కావడం తెలుగువారికి కొత్తగా చెప్పవలసిన విషయం కాదు.

ఆ పేరును సముద్రం దాటించినవాడు పియెర్ ట్రాంబ్లే. నార్మండీ అంచున ఉన్న పెర్ష్ ప్రాంతంలో రాందొనే అనే చిన్న ఊరు అతనిది. ఆ ప్రాంతంవాడే అయిన వైద్యుడు రోబేర్ జిఫార్‌కు 1634లో కెబెక్ పట్టణం పక్కన బోపోర్ జమీ దక్కింది. అక్కడ అడవి నరికి సాగులోకి తేవడానికి మనుషులు కావలసి రావడంతో, అతనూ, అదే ప్రాంతానికి చెందిన జూషెరో సోదరులూ సొంత ఊళ్ల నుంచే వడ్రంగులను, తాపీ పనివారిని, కూలీలను ఒప్పంద పత్రాలు రాయించుకుని పిలిపించుకున్నారు. అలా పెర్ష్ నుంచి కొన్ని వందల మంది కదిలారు. పియెర్ 1647లో వెళ్లాడు.

పదేళ్లకు, 1657 అక్టోబరు 2న, కెబెక్‌లో అతనికి ఓజాన్ అషోన్‌తో పెళ్లయింది. ఆమె లా రోషెల్ రేవుకు దగ్గరి పల్లెల నుంచి వచ్చింది. పెళ్లికూతుళ్లుగా ఫ్రాన్సు రాజు ఖర్చుతో పంపిన యువతుల ఓడలు 1663లో గాని మొదలు కాలేదు; ఆమె అంతకు ముందే వచ్చింది. వారికి పన్నెండు మంది సంతానం. ఇంటిపేరును ముందుకు నడిపింది నలుగురు కొడుకులే: పియెర్, మిషెల్, జాక్, లూయీ. 1666లో కెబెక్ చుట్టూ ఉన్న ఫ్రెంచి వలస రాజ్యమంతా కలిపి లెక్కిస్తే ఫ్రెంచి జనాభా 3,215 మంది. అంత చిన్న జనంలో, పిల్లల్ని ఎక్కువగా కని బతికించుకోగలిగిన ఇంటి పేరు ఎంత దూరం పోగలదో ఊహించవచ్చు.

కొడుకులు పెరిగేసరికి వారు ఉంటున్న బోప్రే తీరాన సెయింట్ లారెన్స్ నది ఒడ్డు నుంచి వెనక్కి సాగే సన్నని పొలం పట్టీలు చాలలేదు. దాంతో కుటుంబం నది వెంట దిగువకు, షార్లెవ్వా కొండల్లోకి జరిగింది. పెద్ద కొడుకు పియెర్‌కు లేజెబూల్‌మా జమీ దక్కింది. 1663 నాటి భూకంపంలో కొండచరియలు విరిగిపడినందువల్ల ఆ చోటికి ఆ పేరు వచ్చింది. అక్కడా తరాలు గడిచేకొద్దీ భూమి ఇరుకైంది. 1838లో షార్లెవ్వాలోని లా మల్బే నుంచి ఇరవై ఒక్క మంది వాటాదార్లు కలిసి పైన్ కలప కోసం సాగ్నే నది వెంట వెళ్లారు. వారి నాయకుడు అలెక్సీ ట్రాంబ్లే, ఉరఫ్ 'పికోటే', అంటే మశూచి మచ్చలవాడు. అందరూ ట్రాంబ్లేలే అయిన ఊళ్లో ఇంటిపేరు ఆనవాలుగా పనికిరాదు కాబట్టి మారుపేరే అసలు పేరు పని చేసింది.

ఇద్దరు ట్రాంబ్లేలు పెళ్లి చేసుకోవడం అక్కడ మామూలే. చర్చి చూసేది చుట్టరికం ఎంత దగ్గరిదన్నదే తప్ప ఇంటిపేరు కాదు. సాగ్నే ప్రాంతంలో టైరొసినీమియా అనే వంశపారంపర్య కాలేయ వ్యాధికి కారణమయ్యే జన్యువు దాదాపు ఇరవై మందిలో ఒకరిలో ఉందని తేలినప్పుడు, దగ్గరి బంధువుల పెళ్లిళ్లే కారణమని చాలామంది అనుకున్నారు. అది తొందరపాటు. కొద్దిమంది మూలపురుషులు, మూలస్త్రీల నుంచి అంత జనం పెరగడమే అసలు కారణమని చర్చి రిజిస్టర్లను పరిశీలించిన పరిశోధకులు చూపారు. అంటే పేరు విస్తరించిన తీరులోనే జన్యువూ విస్తరించింది.

1840 నుంచి 1930 వరకు సుమారు 9 లక్షల మంది ఫ్రెంచి కెనడియన్లు అమెరికా బట్టల మిల్లులకు, పొలాలకు వెళ్లిపోయారు. వారిలో ట్రాంబ్లేలూ ఉన్నారు. ఆంగ్ల గుమాస్తాల చేతిలో ఆ పేరు ట్రాంబ్లీ, ట్రెంబ్లీ అంటూ రకరకాల రూపాలెత్తింది.

ఓజాన్ ఇంటిపేరుకు మాత్రం ఆ భాగ్యం కలగలేదు. అయినా కెబెక్ రిజిస్టర్లలో పెళ్లయిన స్త్రీని పుట్టింటి పేరుతోనే రాసే ఆచారం ఉండడం వల్ల ఆమె ఎవరో ఇప్పటికీ తెలుస్తోంది. ఆ ఆచారమే 1981లో చట్టమైంది: పెళ్లయినా స్త్రీ పుట్టింటి పేరే ఉంచుకోవాలి, పిల్లలకు తల్లి ఇంటిపేరైనా, తండ్రిదైనా, రెండూ కలిపైనా పెట్టుకోవచ్చు. ఆ వీలు 1657లో లేదు కాబట్టి నలుగురు కొడుకులూ ట్రాంబ్లేలే అయ్యారు, అషోన్ ఆమెతోనే ఆగింది.